నలభై అని చెప్పే డబ్బా

ఎల్ ఆల్తో
ఆగస్టు 14, 2004

బాసిలియా అక్కకి,

ఈ ఉత్తరం మీ ఆయన జేబులోనే వస్తోంది. దారిలో విప్పి చదువుతాడని తెలుసు కాబట్టి ముందుగా ఆయన్ని పొగిడేస్తాను. లెయాంద్రో బావ బంగారం. నాలుగు రోజులు నా షెడ్డులో బకెట్ బోర్లించుకుని కూర్చుని, నేను పట్టుకున్న ప్రతి వైరూ ఎక్కడికి పోతుందని అడిగి నా ప్రాణాలు తోడేశాడు. అయినా బంగారమే.

మీ మినీబస్సు సిద్ధమైంది. పాత ఇంజిన్ పైకి లాగేసరికి దాని అడుగున ఇరవై రెండేళ్ళ యుంగాస్ లోయల బురద గట్టిపడి కనిపించింది. ఆ ఇంజిన్‌కి కరెంటుతో పెద్దగా పనిలేదు. కార్బురేటర్ పెట్రోలు పోస్తుంది, ఇంజిన్ తాగుతుంది, అంతే. కొత్తది వేరే జాతి. చిలీ రేవు నుంచి తుక్కుగా వచ్చిన నాలుగేళ్ళ బండిలోది. ఆ బండి ముక్కు నుజ్జయింది కానీ ఇంజిన్‌కి గీత పడలేదు. పెట్రోలు ఎంత పోయాలో, నిప్పు ఎప్పుడు వెయ్యాలో అన్నీ ఒక కంప్యూటర్ చెబుతుంది. చిన్న అల్యూమినియం పెట్టె, దాన్నుంచి అరవై నాలుగు వైర్లు. వాటిలో సగం వైర్లకి మీ పాత బండిలో చుట్టాలే లేరు. ఒక్కొక్కదానికీ ఎవరో ఒకర్ని వెతికి పెళ్ళి చేసేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు ఎవరైనా చూస్తే బండి ఈ ఇంజిన్‌తోనే పుట్టిందనుకుంటారు.

బావ నా మీద అలిగాడు. బండి బయటికి తీసేముందు చాల్యా చెయ్యలేదని. ఇంజిన్ మార్చాక నేలతల్లికి బీరు పొయ్యకుండా రోడ్డెక్కిస్తారా అని మా వీధంతా వినేలా అడిగాడు. నేను సువార్త మందిరంలో చేరి రెండేళ్ళయింది, నా చేత్తో బీరు ముట్టుకోనని మీ అందరికీ తెలుసు. చివరికి సోడా సీసా తెచ్చి నాలుగు చక్రాల మీదా పోశాను. "సోడాతో పచమామకి దాహం తీరుతుందా బావమరిదీ?" అని ఎత్తిపొడిచి వెళ్ళాడు.

ఒక్క జాగ్రత్త. కొండ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదలొద్దని చెప్పు. కొత్త ఇంజిన్, కొన్నాళ్ళు అలవాటు పడాలి.

నీ మాట నిలబెట్టినవాడు,
ఫెర్మిన్


చులుమాని
సెప్టెంబరు 5

ఒరే తమ్ముడూ,

మొదట తీపి కబురు. బండి నడుస్తుంటే చప్పుడే లేదురా. కోకా మూటలతో ఎక్కిన ఆడవాళ్ళు "ఇంజిన్ ఉందా, తోసుకుంటూ పోతున్నావా?" అని మీ బావని ఆటపట్టిస్తున్నారు. ఆయన మీసం మెలేస్తున్నాడు. వేరే మేస్త్రీ దగ్గరికి పోతానన్న మనిషిని, నా తమ్ముడున్నాడు, వాడి చేతికి ఇస్తేనే ఇంజిన్ మార్చనిస్తానని పట్టుబట్టింది నేనే కదా. రెండు వారాలు ఈ ఇంట్లో నాకు రాణీగారి మర్యాదలు జరిగాయి.

ఇప్పుడు చేదు కబురు. మొన్న మంగళవారం ఉందువావి దాటాక, పొగమంచులో ఒక మలుపు ముందు గేరు మార్చుదామని క్లచ్ నొక్కేసరికి ఇంజిన్ ఆగిపోయిందట. ముందు చప్పుడు లేదు, వణుకు లేదు. బ్రేకు రెండుసార్లు పనిచేసి మూడోసారి రాయైపోయిందట. గేరులోకి వేసి క్లచ్ వదిలితే మళ్ళీ అంటుకుంది. పసుపు రంగు లైటు ఒకటి వెలిగి, ఇంకా వెలుగుతూనే ఉంది. మీ బావ నవ్వుతూనే చెప్పాడు కానీ ఆ రాత్రి చైరో సూపు గిన్నెలో చెంచా అలాగే పెట్టి కూర్చున్నాడు. నువ్వు చెప్పిన న్యూట్రల్ సంగతి గుర్తుచేస్తే "ఈ కొండలు దిగేవాడు న్యూట్రల్ వెయ్యకుండా ఉంటాడా? అసలు నేను వెయ్యలేదు కూడా, క్లచ్ నొక్కానంతే" అని నా మీద లేచాడు.

టెలిఫోన్ ఆఫీసులో ఊరందరి ముందూ నిలబడి నీతో పోట్లాడలేను. అందుకే రాస్తున్నా. ఏమిటిది?

బాసిలియా


ఎల్ ఆల్తో
సెప్టెంబరు 19

అక్కా,

ఏమీ కాదు. మీ ఊళ్ళో డ్రమ్ముల్లో అమ్మే పెట్రోల్లో సగం నీళ్ళే. కొత్త ఇంజిన్‌కి నోరు సున్నితం, పాతదానిలాగా దొరికిందల్లా తాగదు.

అయినా బావ ఇవాళ బండి తెచ్చాడు కాబట్టి ఒక చిన్న డబ్బా బిగించాను. పాత బండికీ కొత్త కంప్యూటర్‌కీ మధ్య రాయబారి లాంటిది. ముందు సీటు కింద, ఇంజిన్ పక్కన, కంప్యూటర్‌ని ఆనుకుని ఉంటుంది. అగ్గిపెట్టెకి రెండింతలుంటుంది, నల్ల టేపు చుట్టాను. దాన్ని ఎవరూ కదపొద్దు. ఆ పసుపు లైటు బల్బు కూడా తీసేశాను. ఊరికే మనుషుల్ని భయపెట్టడానికి తప్ప దేనికీ పనికిరాదది.

బావ ముందే గంటసేపు కొండ ఎక్కించి దింపాను. న్యూట్రల్ వేశాం, క్లచ్ నొక్కాం, ఏం చేసినా ఆగలేదు. ఆయన నా భుజం మీద ఒక్కటి చరిచాడు. ఇంకా నొప్పిగానే ఉంది.

ఇక నిశ్చింతగా పడుకో.

ఫెర్మిన్


చులుమాని
జనవరి 23, 2005

తమ్ముడూ,

నాలుగు నెలలు ఒక్క మాట లేకుండా నడిచింది. నిన్ను తలుచుకుని రెండుసార్లు కొవ్వొత్తి వెలిగించాను. మీ మందిరంలో కొవ్వొత్తులు ఒప్పుకోరేమో, చెబితే కోప్పడతావని దాచాను.

వానలు మొదలయ్యాయి. పోయిన గురువారం రోడ్డుకడ్డంగా పారే వాగులోంచి బండి దాటింది, లోపలికి కొంచెం నీళ్ళు వచ్చాయట. కిలోమీటరు పోయాక మళ్ళీ అదే. క్లచ్ నొక్కగానే చచ్చిపోయింది. బ్రేకు రాయి. దేవుడి దయవల్ల అక్కడ రోడ్డు కొంచెం ఎత్తుకి లేస్తుంది. మర్నాడు ఎండకి ఆరాక మామూలైపోయింది.

మీ బావ నాకు చెప్పకుండా కోకా ఆకులు చూసే పెద్దాయన దగ్గరికి పోయాడు. ఆ పెద్దాయన ఆకులు పరిచి చూశాడట. తరవాత "ఈ గుండె మీ బండిది కాదు. దీని మనిషి దీన్ని వెతుక్కుంటున్నాడు. దీనికి ఇక్కడ ఎవరూ స్వాగతం చెప్పలేదు" అన్నాడట. నిజం చెప్పు. ఆ తుక్కు బండిలో ఎవరైనా పోయారా?

ఇప్పుడు ఊళ్ళో అందరిదీ ఒకటే మాట, సోడా పోసి పంపించారు, అందుకే ఇలా అని. కార్నివాల్ మంగళవారం పెద్ద ఎత్తున చాల్యా చేస్తానంటున్నాడు మీ బావ. చక్రాలకీ బానెట్‌కీ పోసి ఊరుకోడట. సీటు ఎత్తి ఇంజిన్ గుండె మీదే పోస్తాడట. రెండు పెట్టెల బీరు ఇప్పటికే వచ్చి వంటింట్లో కూర్చుంది.

నాకు యంత్రాల సంగతి తెలీదు, నీకు తెలుసు. అలా పోస్తే ఏమైనా నష్టమా? సూటిగా చెప్పు. వద్దంటే ఎలాగోలా ఆపుతాను.

బాసిలియా


ఎల్ ఆల్తో
జనవరి 30

అక్కా,

ఆ బండిలో ఎవరూ పోలేదు. ఆ పెద్దాయన ఆకులు చూసేవాడు, మేస్త్రీ కాదు.

చాల్యా మీకు తృప్తినిస్తే చేసుకోండి. బీరు వల్ల ఇంజిన్‌కి ఏమీ కాదు.

పని ఎక్కువగా ఉంది. ఉంటాను.

ఫెర్మిన్


చులుమాని
ఫిబ్రవరి 18

ఫెర్మిన్,

చాల్యా ఎలా జరిగిందో ముందు చెబుతాను. వాన ఆగి ఎండ కాసింది. బండికి కాగితపు రిబ్బన్లు చుట్టాం, ముక్కుకి పూలదండ వేశాం. సీటు ఎత్తి పెట్టాడు మీ బావ. నువ్వు ఒప్పుకున్నావని ఉత్తరం తీసి అందరికీ చదివి వినిపించాను. సీసాలు ఊపి మూత తీస్తే నురగ ఇంజిన్ మీదంతా పొంగింది. సారా పోశాం, పూలరేకులు చల్లాం. పక్కింటి వదిన "వచ్చావా తల్లీ, ఇదే నీ ఇల్లు, మళ్ళీ వెనక్కి చూడకు" అని ఇంజిన్‌తో మాట్లాడింది. నేను కూడా ఒక సీసా మొత్తం పోశాను. వేడి ఇంజిన్ మీద పడి ఆవిరి లేచింది, అందరం చప్పట్లు కొట్టాం. ఆ సాయంత్రం మీ బావ నాతో డాన్సు చేశాడు. ఎన్నేళ్ళయిందో.

ఆ తరవాత తొమ్మిది రోజుల్లో మూడుసార్లు ఆగింది.

మూడోసారి నిన్న. బండి నిండా జనం. పుయెంతె విల్యాకి దిగే చోట, ఎడమ పక్క కొండ, కుడి పక్క ఏమీ లేదు. ఇంజిన్ చచ్చింది. అంటించబోతే అంటుకోలేదు. మీ బావ బ్రేకు మీద రెండు కాళ్ళతో నిలబడ్డాడట. ఆగటంలేదని తెలిసి బండిని కొండకేసి ఒరిపించాడు. ఎడమ పక్క రేకు మొత్తం చీరుకుపోయింది. బండి ఆగాక ఒక అవ్వ దిగి, తన మూట భుజానేసుకుని, నడుచుకుంటూ వెళ్ళిపోయిందట. ఎవరు పిలిచినా వెనక్కి తిరిగి చూడలేదు.

మీ బావ ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. నాతో ఒకే మాటన్నాడు: "మీ తమ్ముడికి ఏదో తెలుసు."

సెప్టెంబరు నుంచీ నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. వాటిలో ఒక్కచోట కూడా ఎందుకు ఆగుతోందో లేదు. నేను అడిగినదానికి నువ్వు జవాబివ్వని చోట్లన్నీ ఇప్పుడు కనిపిస్తున్నాయి. ఏం దాచావురా?

బాసిలియా


ఎల్ ఆల్తో
ఫిబ్రవరి 24

అక్కా,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. వెంటనే టెలిఫోన్ ఆఫీసుకి పరుగెత్తాను. కొండచరియ విరిగి మీ వైపు లైన్లు పడిపోయాయి, ఎప్పుడు లేస్తాయో తెలీదన్నారు. ఈ ఉత్తరం మీ ఊరి వైపు వస్తున్న మొదటి బండి డ్రైవరు చేతిలో పెడుతున్నాను. బండి బయటికి తియ్యొద్దు. బావ ఎంత అరిచినా తియ్యనివ్వొద్దు. తాళం చెవి నీ దగ్గర పెట్టుకో.

అడిగావు కాబట్టి మొత్తం చెబుతాను. మీ పాత బండిలో స్పీడు మీటరు ఒక ఇనప కేబుల్‌తో తిరుగుతుంది. చక్రాలు తిరిగితే కేబుల్ తిరుగుతుంది, ముల్లు లేస్తుంది. కొత్త ఇంజిన్ కంప్యూటర్ దాన్ని చూడలేదు. దానికి కొత్త గేర్‌బాక్సులో ఉండే సెన్సర్ కావాలి. చక్రాలు తిరుగుతున్నంతసేపూ ఆ సెన్సర్ టక్ టక్‌మని కరెంటు పంపితేనే బండి కదులుతోందని దానికి తెలుస్తుంది. ఆ తుక్కు బండి గేర్‌బాక్సు నాకంటే ముందే ఎవరో పట్టుకెళ్ళారు. ఇంకోటి వెతికి, దాన్ని మీ బండికి అమర్చాలంటే రెండు వారాల పని. బావ బకెట్ మీద కూర్చుని రోజులు లెక్కపెడుతున్నాడు. నేను పాత గేర్‌బాక్సే ఉంచి, ఆ వైరు కొసకి టేపు చుట్టి వదిలేశాను.

అంటే కంప్యూటర్ దృష్టిలో మీ బండి ఎప్పుడూ నిలబడే ఉంది. కొండ దిగుతూ క్లచ్ నొక్కితే, నిలబడ్డ బండికి ఇంత పెట్రోలు దేనికని తగ్గించేస్తుంది, ఇంజిన్ చచ్చిపోతుంది. బ్రేకుకి బలమిచ్చేది ఇంజిన్ గుంజే గాలి. ఇంజిన్ ఆగాక రెండుసార్లు నొక్కేంత బలమే మిగులుతుంది. మీ ఆయన మూడోసారి నొక్కినప్పుడు తగిలింది ఆ రాయే.

నీ మొదటి ఉత్తరం చూడగానే నాకు అర్థమైంది. పెట్రోల్లో నీళ్ళని రాశాను. ఆ నల్ల డబ్బా నేను చేసిందే. బండి నిలబడినా, పరుగెత్తినా, గంటకు నలభైలో పోతున్నాం, నలభైలో పోతున్నాం అని కంప్యూటర్‌కి చెబుతూ ఉంటుంది. అది నమ్మినంతకాలం ఇంజిన్ బతుకుతుంది. డబ్బా తడిసినా, వైరు కదిలినా మళ్ళీ మొదటికొస్తుంది. వాగులో తడిసినప్పుడు జరిగింది అదే. ఏదో తప్పుందని చెప్పడానికే ఆ పసుపు లైటు. దాన్ని నేనే పీకేశాను.

బీరు పొయ్యొచ్చా అని నువ్వడిగినప్పుడు డబ్బా నా కళ్ళ ముందు కనిపించింది. దాని మీద పడనివ్వొద్దు అని రాయబోయాను. ఎందుకని అడుగుతావు. అప్పుడు ఆగస్టు నుంచీ అన్నీ చెప్పాలి. నువ్వు ఆ ఇంట్లో నా తరఫున నిలబడ్డావు, నీ ముఖం బావ ముందు దించుకునేలా చెయ్యలేననుకున్నాను. ఇది కూడా పూర్తి నిజం కాదు. దించుకోవాల్సింది నా ముఖం. అందుకని ఇంజిన్‌కి ఏమీ కాదని రాశాను. ఇంజిన్‌కి ఏమీ కాలేదు. బీరు కంప్యూటర్ సాకెట్లోకీ డబ్బాలోకీ దిగి రాగి ముళ్ళని తినేస్తూ ఉంటుంది, రోజూ కొంచెం కొంచెం.

ఆ తుక్కు బండి సీటు కింద ఒక ఆడమనిషి చెప్పు దొరికింది. ఒక్కటే. అది ఎవరిదో నాకు తెలీదు. పారేశాను.

సెన్సర్ ఉన్న గేర్‌బాక్సు ఇవాళే సంతలో దొరికింది. వచ్చే వారం దాన్ని తీసుకుని వస్తాను. అక్కడే, మీ ఇంటి ముందే బిగిస్తాను. బావ కొడితే కొట్టనీ. బండి మాత్రం కదలనివ్వొద్దు.

ఫెర్మిన్


చులుమాని
ఫిబ్రవరి 27

ఫెర్మిన్,

రావద్దు. బండి లేదు.

కొండకి ఒరిపించిన మూడో రోజే అమ్మేశాం. రేకు సరిచేయించి, తెల్ల రంగు కొట్టించి, సంతరోజు వచ్చినవాడికి ఇచ్చేశాడు మీ బావ. ఎందుకమ్ముతున్నావని ఆ మనిషి అడిగాడు. మోకాళ్ళు పనిచెయ్యట్లేదు, డ్రైవింగు మానేస్తున్నా అన్నాడు మీ బావ. నేను పక్కనే ఉన్నాను. అవునన్నట్టు తలూపాను. ఆ మనిషి "దేవుడు మీ మోకాళ్ళు చల్లగా చూడాలి" అని నా చేతులు పట్టుకున్నాడు.

నీ ఉత్తరం చదివి మీ బావ అన్నమాట ఇది: "మనకి తెలియక అమ్మాం. ఇప్పుడు తెలిసిందని ఎవరికీ చెప్పక్కర్లేదు." తెలియకపోవడం ఏమిటి? ఎందుకు ఆగుతుందో తెలీదు గానీ ఆగుతుందని తెలుసు కదా. నేనీ మాట ఆయనతో అనలేదు.

కొన్నవాడు అల్తిప్లానోలో తిప్పుతాడు. అంతా చదునైన రోడ్డు, మలుపులు కూడా లేవు. ఆగినా నిలబడిపోతుంది తప్ప ఏం కాదు. కాబట్టి నువ్వు ఈ సంగతి ఇక్కడితో వదిలెయ్యి. నీ నిజం రావాల్సినప్పుడు రాలేదు. ఇప్పుడు వచ్చి ఎవరిని ఉద్ధరిస్తుంది?

బాసిలియా


ఎల్ ఆల్తో
మార్చి 3

అక్కా,

పేరు చెప్పు. ఊరు చెప్పు. ఇంకేం అడగను.

నిన్న మా వీధిలోంచి తెల్ల మినీబస్సు ఒకటి పోతే వెనకే పరుగెత్తాను. అది కాదు. ఈ నగరంలో తెల్ల మినీబస్సులు ఎన్నున్నాయో నీకు తెలీదు.

ఫెర్మిన్


చులుమాని
మార్చి 9

చదును అని అబద్ధం రాశాను. అతని పేరు సెవెరో కాత్రి. లా పాస్ నుంచి సొరాతాకి తిప్పుతున్నాడు. సొరాతా లోయలోకి దిగే రోడ్డు మా రోడ్డు కంటే నయమేమీ కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు, అమ్మినరోజు మీ బావకీ తెలుసు. స్మశానం దగ్గరున్న స్టాపులోంచి బయల్దేరతాడట.

ఇది నేను చెప్పానని మీ బావకి తెలియకూడదు. మా పేర్లు బయటికి రానివ్వకు. నేను బతకాల్సింది ఈ ఇంట్లోనే.

ఈ కాగితం చించెయ్యి.


లా పాస్, స్మశానవాడ
డ్రైవర్ల సంఘం ఆఫీసు
మార్చి 20

అక్కా,

అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు. కుడిచేతి రెండు వేళ్ళు వాచిపోయాయి.

పోయిన సోమవారం పొద్దున్నే స్టాపుకి వెళ్ళాను. బండి వరసలో మూడోది. రంగు మారినా, తలుపు దగ్గర నేను వేసిన వెల్డింగు గుర్తుపట్టాను. పద్నాలుగు మంది ఎక్కేసి ఉన్నారు. ఒకామె ఒళ్ళో కోడి. సెవెరో రొట్టె తింటూ అద్దం తుడుస్తున్నాడు. నీ వయసు మనిషి, కొంచెం బొద్దుగా ఉంటాడు. ఈ బండికి ఇంజిన్ బిగించింది నేనే, కొండ దిగేటప్పుడు ఆగిపోతుంది, వీళ్ళని దింపెయ్యి అన్నాను.

"మూడు వారాలుగా దిగుతూనే ఉన్నా మేస్త్రీ," అన్నాడు నవ్వుతూ. "రెండుసార్లు ఆగింది, రెండుసార్లూ బతిమాలితే అంటుకుంది. ఆడదానిలాగా దీనికీ కోపాలొస్తాయి. పో, పో, టైమైపోతోంది."

ఇంకోసారి చెప్పాను. పగ ఉన్న డ్రైవరెవరో నన్ను పంపాడనుకున్నాడో ఏమో, ముఖం గంటు పెట్టుకుని సీట్లో కూర్చుని ఇంజిన్ అంటించాడు. నేను ముందు తలుపు తీసి, అక్కడ కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళనీ దిగమని బతిమాలాను. వాళ్ళు తిట్టుకుంటూ దిగారు. సీటు ఎత్తి, కంప్యూటర్‌కి పోయే వైర్లు గుత్తిగా పట్టుకుని కటింగ్ ప్లేయర్‌తో కోసేశాను. ఇంజిన్ ఆగిపోయింది.

తరవాత ఎవరు ఎక్కడ కొట్టారో నాకు సరిగ్గా తెలీదు. దొంగ, దొంగ అని ఎవరో అరిచారు. స్తంభానికి కట్టేద్దామన్నారు. సంఘంలో పెద్ద డ్రైవరు ఒకాయన అడ్డం వచ్చి, "దొంగైతే వైరు పట్టుకుపోతాడు, కోసి నిలబడతాడా? ఏం కోశాడో చూద్దాం ఆగండి" అన్నాడు. నోట్లో నెత్తురు ఉమ్మి, సీటు కింద నుంచి డబ్బా తీసి చూపించాను. సాకెట్ ముళ్ళన్నీ పచ్చగా చిలుముపట్టి ఉన్నాయి. వాటిలో ఒక గులాబీ రేకు ఎండి అతుక్కుని ఉంది. డబ్బాకి బ్యాటరీ తగిలించి, నా టెస్టర్ బల్బు పెట్టాను. బల్బు టకటకా మిణుకుమంది. "బండి నిలబడి ఉంది కదా," అన్నాను సెవెరోతో, "ఇది మాత్రం నలభైలో పోతున్నాం అని చెబుతోంది. నీ ఇంజిన్ నమ్మేది దీని మాటే." వైరు వేలితో కొంచెం కదిపాను. బల్బు ఆరిపోయింది. సెవెరో ఆ బల్బునే చూస్తూ నిలబడ్డాడు. తరవాత గట్టు మీద కూర్చుండిపోయాడు. అతని భార్య శుక్రవారాలు అదే బండిలో ఊరికి పోతుందట.

ఆ రోజు నుంచీ సంఘం వాళ్ళ పెరట్లోనే ఉన్నాను. గేటుకి తాళం వేసి ఉంటుంది, అన్నం వాళ్ళే పెడుతున్నారు. గేర్‌బాక్సు మార్చాను, సెన్సర్ పెట్టాను. ఇంకో కంప్యూటర్ తెప్పించి, అరవై నాలుగు వైర్లూ మొదటి నుంచి కలిపాను. పసుపు లైటుకి బల్బు పెట్టాను. ఈసారి ఏ వైరుకీ టేపు చుట్టి వదల్లేదు. బాగానే ఉండాలి. ఆగస్టులోనూ బాగానే ఉందనుకున్నాను.

రేపు పొద్దున ఆరింటికి బండి సొరాతా దిగుతుంది. ప్రయాణికులు లేరు. సెవెరో, నేను. ఇది సెవెరో భార్య పెట్టిన షరతు. "కట్టినవాడు పక్కన కూర్చుంటేనే నువ్వు స్టీరింగు పట్టు" అందట. నేను ఒప్పుకున్నాను. భయంగానే ఉంది. అబద్ధం ఎందుకు, చాలా భయంగా ఉంది.

నువ్వు అడిగినది నేను చెయ్యలేకపోయాను. నిన్న సాయంత్రం వేడి మొక్కజొన్న జావ తాగుతూ సెవెరో నెమ్మదిగా అడిగాడు. "మేస్త్రీ, నీ సంగతి నాకర్థమైంది. నాకు దీన్ని అమ్మిన మోకాళ్ళ నొప్పుల మనిషికి ఇది తెలుసా? ఆవిడకి తెలుసా? ఆవిడ చేతులు పట్టుకుని దీవించి వచ్చాను నేను."

ఒక్క మాట చాలు, తెలీదని. నా నోటికి అది ఎంత తేలిగ్గా వచ్చేదో నీకు తెలుసు. ఆరు నెలలపాటు నీకు అలాంటివే రాశాను. అతను నా ముఖంలోకి చూస్తున్నాడు. తెలుసని చెప్పాను. ఇద్దరికీ తెలుసని చెప్పాను. వాళ్ళు నాకెవరో కూడా చెప్పాను.

అతను అరవలేదు. గ్లాసు కింద పెట్టి, అన్నదమ్ములతో మాట్లాడి వచ్చాడు. మేం కిందికి క్షేమంగా చేరితే అతను వస్తాడు. చేరకపోతే అతని అన్నదమ్ములు వస్తారు. ఎలాగైనా బుధవారానికి మీ ఇంటి ముందు ఉంటారు.

బావని ఎక్కడికీ పోనివ్వకు అక్కా. వాళ్ళు వచ్చి అడిగినప్పుడు మోకాళ్ళ మాట ఎత్తొద్దని చెప్పు.

ఫెర్మిన్